షీల్డు కంటే ముందొచ్చిన పేపరు

ఆ ఉదయం ఎడిటరమ్మ వేసుకున్న లెక్క చాలా సులువైనది. సాయంత్రం సభలో బహుమతి ప్రకటిస్తారు. ప్రకటించగానే తను ప్రెస్సుకు ఫోన్ చేస్తుంది. హాలు వెనక వీధిలోనే ఉన్న ప్రెస్సులో మావయ్య మెషీను తిప్పుతాడు. జనం టీ తాగి కప్పులు కింద పెట్టేలోగా అదే సభ వార్తతో కాలేజీ పేపరు వాళ్ల చేతుల్లో ఉంటుంది. పెద్ద పత్రికలన్నీ మర్నాటి దాకా ఆగాల్సిన వార్తను మెట్ల కింది గదిలో పుట్టిన పేపరు అప్పటికప్పుడు అందిస్తుంది. టోకు వ్యాపారి కూతురు కాబట్టి, గిరాకీ ఉన్నప్పుడే సరుకు దింపాలని ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఎడిటరమ్మ అన్నది ఇంట్లో పెట్టిన వెక్కిరింపు. కాలేజీ పేపరుకు ఆమె సంపాదకురాలైన రోజు నుంచీ వాళ్ల నాన్న అలాగే పిలుస్తున్నాడు. ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు టోకున అమ్మే ఆ మనిషికి, ఊరికే పంచిపెట్టే సరుకు కోసం నిద్ర మానుకునేవాళ్లంటే జాలి.

"ఊరికే ఇచ్చేదానికి ఇంత హైరానా ఎందుకే ఎడిటరమ్మా? పొద్దున్నే ఏమీ తినకుండా ఆ పరుగేంటి?"

"నాన్నా, అది పేపరు. బకెట్టు కాదు."

"అవునవును. బకెట్టుకి చిల్లుంటే వెంటనే తెలిసిపోతుంది" అన్నాడాయన.

ఆమె చెప్పులేసుకుని బయల్దేరింది. ఇవాళ పందెంలో పెట్టింది మాటలు కాదు, గది. కాలేజీలో పెద్ద మెట్ల కింద, కెమిస్ట్రీ ల్యాబుకు ఆనుకుని ఉంటుంది అది. పైకప్పు మెట్లతో పాటే ఏటవాలుగా దిగుతుంది. లోపలి గోడ దగ్గర నిలబడితే నెత్తికి తగులుతుంది. అందుకే పూర్వపు సంపాదకుడెవరో అక్కడ ఎర్రరంగుతో 'తల జాగ్రత్త' అని రాసిపెట్టాడు. కొత్తవాళ్లు అదేమిటో చదువుదామని తలెత్తి మరీ గుద్దుకుంటారు. కిటికీ ఒకటే, అందులోంచి గాలి కంటే యాసిడ్ వాసనే ఎక్కువొస్తుంది. అయినా పేపరు పుట్టేది ఆ గదిలోనే. ప్రిన్సిపాల్‌కు నచ్చని వార్తను రాసుకోవడానికి తలుపు వేసుకోగలిగిన చోటు కాలేజీ మొత్తంలో అదొక్కటే.

ఆ గది మీద ఆటల మాస్టారి కన్ను పడింది. హైజంపు పరుపులు వరండాలో వానకు తడుస్తున్నాయని ఆయన గోల. తీరిక దొరికినప్పుడల్లా టేపు పట్టుకొచ్చి, లోపల మనుషులు కూర్చుని ఉన్నారన్న ధ్యాసైనా లేకుండా గోడలు కొలుచుకుని పోయేవాడు. చివరికి ప్రిన్సిపాల్ మేడం తీర్పు చెప్పేసింది. "ఉత్తమ విద్యార్థి పత్రిక షీల్డు పట్టుకురండి, గది మీది. పట్టుకురాలేదో, గది పరుపులది." బహుమతి ఇచ్చేవాళ్లు ఎవరో, ఎందుకిస్తున్నారో మేడంకు పట్టలేదు. తన గదిలో గోడకు ఒక మేకు ఖాళీగా ఉంది. దానికి ఏదో ఒకటి తగిలించాలి.

షీల్డు ఊరికే ఇవ్వరు. దానికి ముందు రోజంతా 'విద్యార్థి సంపాదకులకు నాయకత్వ శిక్షణ' ఉంటుంది. ఉదయం విద్యార్థులుగా వచ్చినవాళ్లు సాయంత్రానికి నాయకులుగా బయటికి వెళ్తారని నిర్వాహక సంఘం వారి హామీ. బట్టలు ఉతకడానికి వేసినా అంత త్వరగా తిరిగి ఇవ్వని రోజుల్లో ఇది గొప్ప సంగతే.

ఇక, వార్తాపత్రికల వాళ్లకు ఒక పాత అలవాటుంది. ఎన్నికలైనా, ఆటలైనా ఫలితం రాకముందే రెండు రకాల వార్తలు రాసి ఉంచుకుంటారు: గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి. ఎడిటరమ్మ కూడా మొదటి పేజీని రెండు రకాలుగా తయారు చేయించింది. గెలుపు పేజీలో 'మన పత్రికకే ఉత్తమ షీల్డు' అని బానర్ అంత శీర్షిక. ఓటమి పేజీలో 'స్ఫూర్తి నింపిన శిక్షణ' అని చిన్నక్షరాలు. సభ ఇంకా జరగలేదన్న చిన్న ఇబ్బంది ఆమెను ఆపలేదు. ముగింపు సభలన్నీ ఒకే అచ్చులో పోసినవి. కార్యదర్శి స్వాగతం పలుకుతాడు, శిక్షకుడు మురిసిపోతాడు, ముఖ్య అతిథి యువత గురించి మాట్లాడతాడు, షీల్డు ఇస్తారు, వందన సమర్పణ చేస్తారు. ముఖ్య అతిథి ఏం మాట్లాడతాడో కూడా ఆమె ముందే రాసేసింది. మిగిలిన జాగా చూసి సర్దే పని తన సహాయ సంపాదకురాలికి అప్పగించింది. ఆ పిల్లను అందరూ కత్తెర అంటారు. ఎవరి వ్యాసమైనా సరే సగానికి కోస్తుంది.

ప్రెస్సు మావయ్యకు ఎడిటరమ్మ చెప్పిన మాట కూడా స్పష్టంగానే ఉంది. "మావయ్యా, నేను ఫోన్ చేసేదాకా దేన్నీ అచ్చెయ్యకు. గెలుపంటే గెలుపు, ఓటమంటే ఓటమి. నీ సొంత తెలివి వాడకు."

"నా తెలివి ఎప్పుడు వాడనిచ్చారే మీ ఇంట్లో? మీ అమ్మ నాకు తోడబుట్టిన దగ్గర్నుంచీ ఇదే వరస" అన్నాడు మావయ్య.

లెక్క అంతవరకు బాగానే ఉంది. తప్పు హాలు గుమ్మంలోనే మొదలైంది. అక్కడ శిక్షకుడు ఒక వెదురుబుట్ట పట్టుకుని నిలబడ్డాడు. నల్ల సూటు, చెవికి చుట్టుకున్న మైకు. ఆ హాలుకు మైకే అక్కర్లేదు. ఆయన జీవితంలో ఏ పత్రికా నడపలేదు, ఏ సంస్థా నడపలేదు. నాయకత్వం ఒక్కటే నడిపిస్తున్నాడు.

"ఫోన్లు బుట్టలో వేయండి. నాయకుడు ఫోన్ మీద ఆధారపడడు. నాయకుడి మీద ఫోన్ ఆధారపడుతుంది."

"అంటే ఏంటి సార్?" అంది కత్తెర.

"ఆలోచించు. అదే శిక్షణ."

ఎడిటరమ్మ ఫోన్ గట్టిగా పట్టుకుంది. "సార్, నాకు సాయంత్రం ఒక్క ఫోన్..."

"సభ అయిపోయాకే బుట్ట తెరిచేది" అని ఆయన ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని, బుట్ట మీద మూత పెట్టి, దాన్ని వేదిక మీద దేవుడి పటంలా నిలబెట్టాడు. సరే, ఫలితం తెలియగానే వీధి చుట్టి ప్రెస్సుకు పరిగెత్తితే పోయేదేముంది అనుకుని ఆమె లెక్క సరిచేసుకుంది.

శిక్షణ జోరుగా సాగింది. కాగితపు కప్పులతో గోపురం కట్టమన్నాడు, కట్టారు. ఎందుకని ఎవరో అడిగితే, అడిగినవాడిలో నాయకత్వ లోపం ఉందని తేల్చాడు. కళ్లు మూసుకుని వెనక్కి పడిపొమ్మన్నాడు. వెనకున్నవాళ్లు పట్టుకోవాలట, దాన్నే నమ్మకం అంటారట. కత్తెర వెనక నిలబడ్డవాడు పక్క కాలేజీ సంపాదకుడు. ఎండలో కూడా మెడకు టై కట్టుకొస్తాడు కాబట్టి అతని పేరు టై అనే స్థిరపడింది. కత్తెర పడే సమయానికి అతను టై సవరించుకుంటున్నాడు. నేలకు తగిలిన మోచెయ్యి రుద్దుకుంటూ కత్తెర, "మంచి పాఠమే నేర్పారు" అంది.

మధ్యాహ్నానికి కాస్త ముందు బుట్టలో ఒక ఫోన్ మోగడం మొదలైంది. ఆగింది. మళ్లీ మోగింది. మళ్లీ మళ్లీ మోగింది. అది తనదేనని ఎడిటరమ్మకు తెలుసు. ఆ పాట మావయ్యకు మాత్రమే పెట్టుకుంది.

"సార్, అది నాదే. ఏదో అర్జెంటు."

"వింటున్నారా అందరూ?" శిక్షకుడు చెయ్యి గాల్లోకి లేపాడు. "ఇది బానిసత్వం పిలిచే పిలుపు. ఈ అమ్మాయి ముఖం చూడండి. ఎంత బాధో! ఇదే ఎదుగుదల. చప్పట్లు!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య ఫోన్ మోగి మోగి ఊరుకుంది.

ఆ పిలుపులో ఉన్న సంగతి ఆమెకు తర్వాత తెలిసింది. వచ్చే వారం రావాల్సిన మెషీను మెకానిక్ ఆ రోజే దిగాడు. మధ్యాహ్నం నుంచి మెషీను విప్పేస్తానని, మళ్లీ బిగించేసరికి రెండు రోజులు పడుతుందని చెప్పాడు. మావయ్య మేనకోడలికి ఫోన్ చేసి చేసి విసిగిపోయాడు. ప్రెస్సు మూసుకుని హాలుకు వద్దామంటే, మెకానిక్ చేతికి మెషీను ఒంటరిగా అప్పగించే ధైర్యం ఆయనకు లేదు. ఆఖరికి బావకు ఫోన్ చేశాడు.

"బావా, పిల్ల ఫోన్ ఎత్తట్లేదు. రెండు పేజీలిచ్చింది. ఒకటి బహుమతి వచ్చిందని, ఒకటి రాలేదని. ఏది వెయ్యమంటావు?"

"రాలేదన్నది ఎవడు చదువుతాడయ్యా? వచ్చిందన్నదే వెయ్యి."

"కానీ ఇంకా ఇవ్వలేదు కదా బావా."

అవతల బకెట్లు దొంతరగా సర్దిన చప్పుడు వినబడింది. "ఇస్తార్లే. అది రాస్తుంటే నేను చూశాగా" అన్నాడు, బకెట్టుకూ పేపరుకూ తేడా తెలియని మనిషి. తర్వాత తన మెతకదనం తనకే నచ్చక, "వేస్తే వెయ్యి, లేకపోతే మానెయ్. బేరం టైములో నా బుర్ర తినకు" అని పెట్టేశాడు.

మావయ్య వేశాడు. వేసి, కట్టలు కట్టి, ఒక ఆటోలో పెట్టి, "సంపాదకురాలి చేతికే ఇవ్వాలి" అని చెప్పి పంపాడు. ఆటోవాడు హాలు గుమ్మంలో తెల్లచొక్కా వేసుకుని చేతులు ఊపుతున్న మనిషిని చూసి, ఇక్కడ పెద్ద ఈయనే అనుకుని కట్టలు దింపేశాడు. ఆ మనిషి నిర్వాహక సంఘం కార్యదర్శి. సభ కార్యక్రమ పత్రాలు ఇంకా రాలేదని పొద్దుటి నుంచీ ప్రతివాడి మీదా మండిపడుతున్నాడు. కట్ట విప్పాడు. 'ముగింపు సభ' అన్న మాట కనిపించింది. కింద స్వాగతం, ప్రసంగం, షీల్డు, వందన సమర్పణ అన్నీ వరసగా ఉన్నాయి. అంతకంటే చదివే తీరిక ఆయనకు లేదు. "హమ్మయ్య, ఇప్పటికొచ్చాయి! కుర్చీకొకటి వెయ్యండి. వేదిక మీద పెద్దలకు, లోపల న్యాయనిర్ణేతలకు కూడా ఇవ్వండి" అన్నాడు.

భోజనాలు ముగించుకుని హాల్లోకి వచ్చిన ఎడిటరమ్మకు ప్రతి కుర్చీ మీదా తన గెలుపు కనబడింది.

ముందు వరస కుర్చీల మీది కాగితాలు గబగబా ఏరడం మొదలుపెట్టింది. చేతికి పట్టినన్ని ఏరేలోగా వెనక వరసలన్నీ చదివేశాయి.

"కంగ్రాట్స్ అక్కా!"

"ముందే చెప్పేశారా మీకు? మాకు చెప్పలేదేం?"

టై ఏకంగా కుర్చీ ఎక్కాడు. "మిత్రులారా! ఫలితం రాకముందే అచ్చేసుకోవడం జర్నలిజమా? ఇది వృత్తికే మచ్చ! సత్యానికి వెన్నుపోటు!" అరుస్తున్నప్పుడు కూడా భుజానికి వేలాడుతున్న తన సంచీ మీద ఒక చెయ్యి వేసే ఉంచాడు. ఆ సంచీ ఎందుకంత బరువుగా ఉందో ఎవరూ అడగలేదు.

ఎడిటరమ్మ కార్యదర్శి దగ్గరికి పరిగెత్తింది. "సార్, అది కార్యక్రమ పత్రం కాదు. మా పేపరు. పొరపాటున..."

"బావుందమ్మా, చాలా బావుంది. ఈసారి ఎవరో శ్రద్ధగా చేశారు. పోయినసారి ముఖ్య అతిథి పేరే మర్చిపోయారు" అంటూ ఆయన పరుగెత్తాడు.

శిక్షకుడి దగ్గరికి వెళ్లింది. "సార్, నేను అందరికీ సంజాయిషీ చెప్పుకోవాలి. మైకివ్వండి."

"నాయకుడు సంజాయిషీ చెప్పడు."

"తప్పు జరిగింది సార్!"

"నాయకుడికి తప్పు జరగదు. అనుభవం జరుగుతుంది" అన్నాడాయన, పేపర్లో తన గురించి రాసిన 'ఉర్రూతలూగించారు' అన్న మాటను వేలితో నిమురుతూ. ఆ పేపరు అబద్ధమని ఒప్పుకుంటే ఆ మాట కూడా పోతుంది మరి. ఆ హాల్లో ఎవరి లాభం వాళ్లు చూసుకుంటున్నారు. నిజం కొనేవాడు మాత్రం కనబడలేదు.

ఇంతలో ప్రిన్సిపాల్ మేడం వచ్చింది. పేపరు చూసింది. జీవితంలో మొదటిసారి ఎడిటరమ్మను దగ్గరికి తీసుకుంది.

"మేడం, అది ఇంకా..."

"ఏం మాట్లాడకు తల్లీ!" అని అక్కడికక్కడే ఆటల మాస్టారికి ఫోన్ కలిపింది. "ఏవండీ, పరుపులు దించుతున్నారా? ఎక్కడివక్కడే ఆపండి. వరండాలోనే పడెయ్యండి. గది పేపరు వాళ్లదే."

ఎడిటరమ్మ మళ్లీ లెక్క వేసుకుంది. ఇప్పుడు నిజం చెబితే గది పోతుంది. చెప్పకపోతే కాసేపాగి పోతుంది. రెండూ నష్టమే అయినప్పుడు ఎవరైనా చేసే పనే ఆమె చేసింది. కుర్చీలో కూర్చుంది.

సభ మొదలైంది. ముఖ్య అతిథి ఫర్నిచర్ షోరూముల యజమాని. ఆ రోజు ఆయనకది మూడో సభ. దేని గురించో కనుక్కునే వ్యవధి కూడా దొరకలేదు. మైకు ముందుకు వచ్చి జేబులు తడుముకున్నాడు. ఏమీ లేదు. చేతిలో ఉన్న కాగితం వైపు చూశాడు. అందులో తన పేరు, ఆ పేరు కింద తన ప్రసంగం కనబడ్డాయి. ఎవరో మహానుభావులు ముందే రాసిపెట్టారనుకుని ఆయన ముఖం విప్పారింది. కళ్లజోడు పెట్టుకున్నాడు.

"యువత చేతిలో కలం ఉందని, కలం చేతిలో కాలం ఉందని, కాలం చేతిలో మనమందరం ఉన్నామని ముఖ్య అతిథి పేర్కొన్నారు" అని చదివాడు. ఒక్కక్షణం ఆగి, "అంటే, నేను పేర్కొంటున్నాను" అని సర్దుకున్నాడు.

కత్తెర నోరు రెండు చేతులా మూసుకుంది.

"ఈ మాటలకు సభ చప్పట్లతో మారుమోగింది" అని ఆయన చదివాడు. సభ ఒకసారి తటపటాయించి, కార్యక్రమ పత్రంలో ఉంది కదా అని చప్పట్లు కొట్టింది.

నవ్వాలో ఏడవాలో తెలియక ఎడిటరమ్మ తల దించుకుంది. తను రాసిన ప్రసంగం అక్కడితో అయిపోవాలి. కానీ ముఖ్య అతిథి ఆగలేదు.

"అంతేకాక, ఇక్కడికొచ్చిన ప్రతి విద్యార్థి పత్రిక గదికీ పెద్ద సమావేశపు టేబుల్ ఒకటి, చుట్టూ కుర్చీలతో సహా బహూకరిస్తున్నట్టు ప్రకటించి..." ఆయన గొంతు సన్నబడింది. "ప్రకటించి... అందరినీ... ఆశ్చర్యపరిచారు."

అందరికంటే ముందు ఆశ్చర్యపోయింది ఆయనే. ఈసారి చప్పట్లు ఎవరూ చెప్పకుండానే మోగాయి. ఫొటోగ్రాఫర్లు లేచి నిలబడ్డారు.

ఎడిటరమ్మ మెల్లగా కత్తెర వైపు తిరిగింది. "టేబులేంటే?"

"కింద కొంచెం ఖాళీ మిగిలిందే" అని నీళ్లు నమిలింది కత్తెర. "నువ్వు సర్దమన్నావు కదా. ఆయనది ఫర్నిచర్ షాపు కదాని... ఎలాగూ నువ్వు చూసుకుంటావనుకున్నా."

"అందరి వ్యాసాలూ కోసేదానివి, ఇక్కడే పెంచాలా? కొంప ముంచావు కదే!"

ముగ్గురు న్యాయనిర్ణేతలు వేదిక మీదికొచ్చారు. వాళ్ల ముఖాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవట్లేదు. ఒక పెద్ద పత్రికలో సబ్ ఎడిటరుగా రిటైరైన పెద్దాయన గొంతు సవరించుకుని కవరు విప్పాడు. అందులో కొట్టివేతలున్నట్టు ముందు వరసకు కూడా కనబడింది. టై కాలేజీ పేరు చదివాడు.

చప్పట్లకు లేచిన ప్రిన్సిపాల్ మేడం చేతులు గాల్లోనే ఆగిపోయి, దిగి, పర్సులోంచి ఫోన్ తీశాయి. "ఏవండీ... ఆఁ, పరుపులే. దించేయండి" అన్న మాట ఎడిటరమ్మ చెవిన పడింది.

టై వేదికెక్కి షీల్డు అందుకున్నాడు. దిగీ దిగగానే సంచీ విప్పాడు. అందులోంచి తన కాలేజీ పేపరు కట్టలు బయటపడ్డాయి. 'మన పత్రికకే ఉత్తమ షీల్డు' అని బానర్ శీర్షికతో. సిరా ఎప్పుడో ఆరిపోయింది. వరసలో ఒక్కరినీ వదలకుండా పంచాడు.

"చూశారా వేగం!" శిక్షకుడు చెవి మైకు అదిరేలా అరిచాడు. "ప్రకటించిన నిమిషంలో పేపరు! నా శిక్షణకు ఇంతకంటే రుజువేం కావాలి?"

సత్యానికి వెన్నుపోటు గురించి టై మళ్లీ ప్రస్తావించలేదు. అతనూ అదే పని చేశాడు. కాకపోతే సంచీ మూతి పట్టుకుని కూర్చోవడం అతనికి చేతనైంది. ఆ పూట నేర్చుకున్న నాయకత్వమంతా అంతే.

సభ ముగిశాక పెద్దాయన మెట్ల దగ్గర ఎడిటరమ్మను ఆపాడు. "అమ్మాయ్, చెప్పకుండా ఉండలేక చెబుతున్నా. కవర్లో మేం ముందు రాసింది నీ పేరే."

"మరి?"

"నీ పేపరు మా టేబుల్ మీదికి టీతో పాటు వచ్చింది. ఫలితం నేనే బయటపెట్టానని మాలో ఒకాయన నన్ననుమానించాడు, నేను మాతో ఉన్న ఆవిణ్ని అనుమానించాను, ఆవిడ మా ఇద్దర్నీ తిట్టింది. నీకే ఇస్తే ఫలితం మేమే అమ్ముకున్నామంటారు. మా నిజాయితీ నిరూపించుకోడానికి మార్చేశాం." ఆయన చేతికర్ర నేలకు తాటించాడు. "మంచి పేపరమ్మా నీది. కాస్త ఓపిక పట్టుంటే నిజమయ్యేది."

ఆ ఓదార్పుతో ఆమెకు మిగిలిన కాస్త ప్రాణం కూడా పోయింది. అప్పుడే కారు దగ్గర ముఖ్య అతిథి కేకలు వినబడ్డాయి. ఆయన ఒక చేతిలో టై పేపరు, ఇంకో చేతిలో ఎడిటరమ్మ పేపరు పట్టుకుని కార్యదర్శిని నిలదీస్తున్నాడు.

"చెట్లు నరకొద్దని నేనన్నానని ఈ షీల్డు పేపర్లో రాశారు! చెక్క సామాను అమ్ముకునేవాణ్ని, చెట్లు నరకొద్దని నేనెందుకంటానయ్యా? షీల్డిచ్చింది ఈ పేపరుకా? అసలు ఇదంతా ఎవరు రాశారు? ఇంకోదాంట్లో ఈ టేబుళ్ల సంగతి ఎవరు పెట్టారు? అన్ని కాలేజీలకూ టేబుళ్లిస్తే నేను నేల మీద కూర్చోవాలి!"

గది ఎలాగూ పోయింది. పోయేది లేనివాళ్లకు నిజం చెప్పడం తేలిక. ఎడిటరమ్మ ముందుకెళ్లి చెప్పేసింది: రెండు పేజీలు, బుట్టలో ఫోన్, మావయ్య, కత్తెర, ఖాళీ మిగిలిన జాగా, అన్నీ.

ఫర్నిచర్ యజమాని అంతా విని, ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎవరమ్మాయివి నువ్వు?"

"బకెట్ల టోకు షాపు..."

"ఓహో. ఆయనా! బేరంలో ఒక్క మెట్టు దిగడు." ఆయన నిట్టూర్చాడు. "మరి ఆ ఇంటి పిల్లవేగా. నన్నిప్పుడెలా బయట పడెయ్యాలో చెప్పు. ఫొటోలు కూడా తీశారు."

ఎడిటరమ్మకు ఆ క్షణంలో నాన్న దుకాణం గుర్తొచ్చింది. పదిమంది ఒకేసారి తగ్గింపు అడిగితే ఆయన ఎప్పుడూ కాదనడు. 'కాగితం చూపించండి' అంటాడు.

"సార్, మీరన్న మాట మీరన్నారు. అది పోదు. కానీ రేపెవరైనా టేబుల్ ఏదని వస్తే, ఇవాళ్టి మీ పేపర్లో రాసుంటే చూపించండి అనండి. ఇవాళ అచ్చయిన ఇంకే కాలేజీ పేపర్లోనూ లేదు. షీల్డొచ్చిన పేపర్లో మీరు చెట్ల గురించి మాట్లాడారు. రాసింది మేమొక్కళ్లమే."

"అంటే రాసినవాళ్లకే ఇస్తానంటాను."

"రాయనివాళ్లకు ఎందుకిస్తారు సార్?"

ఆయన కాసేపు గాల్లో ఏదో కూడుకుని, తీసేసుకుని, ముఖం తేటపడి నవ్వాడు. ఒక వీధంతా టేబుళ్లు పోయే చోట ఒక్కటే పోతుంది. పైగా ఇస్తానన్నది ఇచ్చాడన్న పేరు. "సోమవారం పంపిస్తా. నేనే వచ్చి ఇస్తా, ఫొటోతో. గది ఎక్కడ?"

పక్కనే నిలబడి ప్రిన్సిపాల్ మేడం ఇదంతా వింది. దాత స్వయంగా ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వస్తుంటే హైజంపు పరుపుల మధ్య నిలబెట్టి టేబుల్ తీసుకోవడం బాగుండదు. మళ్లీ ఫోన్ తీసింది. అవతల ఆటల మాస్టారు ఏమన్నారో గానీ, మేడం ఫోన్ చెవికి దూరంగా పట్టుకుంది.

సోమవారం టేబుల్ వచ్చింది. కోడిగుడ్డు ఆకారంలో, పడవంత ఉంది. మెట్ల కింది తలుపులోంచి పట్టలేదు. షోరూము వడ్రంగులు ముక్కలుగా లోపలికి తీసుకెళ్లి అక్కడే బిగించి, అంచుకు దాత పేరున్న ఇత్తడి పలక కొట్టారు. ఇప్పుడు లోపలి కుర్చీలోకి వెళ్లాలంటే టేబుల్ కింద నుంచి పాక్కుంటూ వెళ్లాలి. లేచేటప్పుడు 'తల జాగ్రత్త' మామూలే. ఫొటోలు అయ్యాక ఆటల మాస్టారు టేపుతో వచ్చి ముందు టేబుల్‌ను, తర్వాత తలుపును కొలిచాడు.

"దీన్ని మళ్లీ బయటికి తియ్యాలంటే ఎలాగయ్యా?"

"విరగ్గొట్టాలండీ" అన్నాడు వడ్రంగి.

మాస్టారు ఇత్తడి పలక వైపు చూసి, మేడం వైపు చూసి, టేపు చుట్టేసుకున్నాడు. మళ్లీ ఆ గదికి రాలేదు.

సాయంత్రం నాన్న చూడ్డానికి వచ్చాడు. టేబుల్ మీద వేలితో కొట్టి చప్పుడు విన్నాడు.

"చెక్క కాదే. రంపప్పొట్టు నొక్కి చేసిన అట్ట. పైన కాగితం అంటించారు."

"నాన్నా, ఆ పేజీ వెయ్యమంది నువ్వేనట?"

ఆయన వంగి టేబుల్ కాళ్లు పరీక్షించడం మొదలుపెట్టాడు. "మీ మావయ్యకు పనీపాటా లేదు. ఎవరికి పడితే వాళ్లకు ఫోన్ చేస్తాడు" అని, తిన్నగా లేవబోయి పైకప్పుకు తల కొట్టుకున్నాడు. నెత్తి రుద్దుకుంటూ పైనున్న ఎర్రక్షరాలు చదివాడు. "ఇదొక్కటే మీరు నిజం రాసింది" అన్నాడు.

మరుసటి సంచికలో కత్తెర ఒక్క అక్షరం కూడా పెంచకుండా, ఎడిటరమ్మ చెప్పింది చెప్పినట్టు, లోపలి పేజీ మూలన ఈ సవరణ వేసింది: "గత సంచికలో మన పత్రికకు ఉత్తమ షీల్డు వచ్చినట్టు ప్రచురించాం. రాలేదు. మిగతా వార్తంతా, మేం అచ్చువేశాక, రాసింది రాసినట్టే జరిగింది."